నెట్టు వెనక అడవి

చలిలో మిరపకాయ వాసన వేరు.

ఎండలో అది మనిషి మీదికి వస్తుంది. కల్లంలో, యార్డులో, లారీ వెనక... ముక్కులో దూరుతుంది, కళ్ళల్లో మండుతుంది, తుమ్మిస్తుంది, తిట్టిస్తుంది. చలిలో అలా కాదు. చలిలో అది కదలదు. గోతాల లోపల, చీకట్లో, ఎర్రగా కూర్చుని ఉంటుంది. మనిషి కదిలితేనే అదీ కదులుతుంది.

రెబ్కాకి ఊహ తెలిసినప్పటినుంచీ ఆ వాసన తెలుసు. అది వాళ్ళ నాన్న చొక్కా వాసన.

నాన్న పేరు అంకమ్మరావు. గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో హమాలీలకు మేస్త్రీ. అంకమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టాడు. పెళ్ళినాటికి ఏసు ప్రభువుని నమ్ముకున్నాడు. పేరు మాత్రం మార్చుకోలేదు. ఇచ్చిన పేరు వెనక్కి తీసుకోమంటే ఆ తల్లి మనసు నొచ్చుకోదా అనేవాడు. అందరితోనూ మంచిగా ఉండాలి ఆయనకి. దేవుళ్ళతో కూడా.

బయట రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ.

లోపల ఎముకలు కొరికే చలి.

మధ్యన జానెడు మందం తలుపు. ఒక్క అడుగు వేస్తే కాలం మారిపోతుంది.

ఆ తలుపు దాటినప్పుడల్లా రెబ్కాకి ఒక దీవి గుర్తొచ్చేది.

ఆ దీవికి తలుపు లేదు.

*

ఎక్కడో దక్షిణాన, సముద్రం నడుమ, ఒక దీవి. దీవి మీద కొండ. కొండ భుజాన చిన్న మడుగు. మడుగు అడుగున మట్టి.

నల్లటి మట్టి. మన రేగడికి చుట్టమే అనిపించే మట్టి. ఏటికి ఒక పొర. పొర పొరలోనూ పుప్పొడి. వేల ఏళ్ళ కిందట ఆ కొండ మీద ఏ చెట్టు పూసిందో, ఏ గడ్డి వెన్ను తీసిందో, ఆ పుప్పొడి గాలికి లేచి, నీళ్ళలో రాలి, మునిగి, అక్కడే ఉండిపోయింది. పువ్వు పోయింది. చెట్టు పోయింది. పుప్పొడి పోలేదు.

రెబ్కా చదువు అదే. ఆ మట్టిని కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ రేణువు ఏ చెట్టుదో చెప్పాలి. ఇంత చదువు ఇరుగుపొరుగుకి విడమరిచి చెప్పడం వాళ్ళమ్మ సుబ్బరావమ్మకి తలకు మించిన పని. అడిగినవాళ్ళందరికీ ఆమె ఒకటే చెప్పేది. మా అమ్మాయి మట్టి డాక్టరు.

రెబ్కా, ఆమె గైడు ప్రసన్నకుమార్ గారు, పడవెక్కి ఆ దీవికి వెళ్ళారు. మడుగు నడిమధ్య తెప్ప మీద నిలబడి, గొట్టం దించి, ఆ మట్టిని తీశారు. తరవాత గైడు గారు రిటైరయ్యారు. దీవికి అనుమతులు ఆగిపోయాయి. ఉన్న మట్టి ఉన్నదే. ఇక రాదు.

పడవలో పట్టదని గొట్టాన్ని రెండు ముక్కలు చేశారు. గుడ్డిగా కోశారు. కోత పడింది మాత్రం సరిగ్గా అక్కడ... అడవి మాయమైన చోట.

ఆ మట్టి చెప్పే కథ ఇది.

అడుగున అడవి. వాన అడవి. చెట్టు మీద చెట్టు.

ఆ పైన చలి.

భూమి మీద మంచుయుగం నడుస్తున్న రోజులు. ఆ చలి బుద్ధిగా, మెల్లగా, చెప్పి రాలేదు. ఒక్క మనిషి పుట్టి ముసలివాడయ్యేలోపు లోకం లోకమే మారిపోయేంత తొందరగా వచ్చింది. ఉన్నట్టుండి చలి. ఉన్నట్టుండి వెచ్చదనం. మళ్ళీ చలి.

పెద్ద నేలల మీద అడవులు నడిచాయి. చెట్టు నడవదు గానీ అడవి నడుస్తుంది. ముందు వైపు విత్తనం మొలుస్తుంది, వెనక వైపు మాను ఎండుతుంది. అలా తరాల తరబడి చలికి ముందు ముందుగా నడుచుకుంటూ పోయాయి.

మరి దీవి మీద అడవి?

పైకెక్కితే ఇంకా చలి. కిందికి దిగితే సముద్రం.

ఆ చలికి సముద్రం కాస్త వెనక్కి తగ్గింది, నిజమే. తీరం కాస్త పెరిగింది. గాటికి కట్టిన గొడ్డుకి పలుపు మూరెడు వదిలినట్టు. గొడ్డు గాటి దగ్గరే ఉంది.

నిలబడాలి. లేదంటే చావాలి.

మట్టిలో చెట్ల పుప్పొడి పలచబడుతూ వచ్చింది. గడ్డి పుప్పొడి పెరుగుతూ వచ్చింది. ఒక చెట్టు ఉంది. దానికి తెలుగులో పేరు లేదు. దాని రేణువు మీద మూడు గాట్లుంటాయి గనక రెబ్కా దాన్ని మూడు గాట్ల చెట్టు అంటుంది. అడుగున ఎక్కడ చూసినా అదే. ఆ పైన, బెత్తెడు మట్టిలో, అది లేదు.

ఆ బెత్తెడు దాటాక మళ్ళీ ఉంది. గంపలకొద్దీ ఉంది. ఏమీ జరగనట్టు.

ఎక్కడినుంచి వచ్చింది?

దీవి మీది చెట్టు చెట్టంతా చచ్చి, ఎన్నాళ్ళకో ఏ పిట్ట కడుపులోనో విత్తనం సముద్రం దాటి వచ్చి మొలిచిందా? లేక అక్కడే, ఏ లోయ మలుపులోనో, గాలి తగలని సందులో, నాలుగు చెట్లు ఊపిరి బిగబట్టుకుని...

ఉన్నాయా?

ఆ బెత్తెడు మట్టిలో ఒక్క రేణువు దొరికితే చాలు. అడవి చావలేదని అర్థం. దాక్కుంది. చలి పోయేదాకా దాక్కుని, బయటికి వచ్చింది.

రెబ్కా పైపైన చూసింది. కనబడలేదు. లోతుగా చూడాలంటే ఆ మట్టినంతా కరిగించాలి. ఒకసారి కరిగిస్తే మళ్ళీ లేదు. అందుకే ఆ బెత్తెడూ చివరికి దాచుకుంది. పిల్లలు పళ్ళెంలో ఇష్టమైన ముక్క పక్కకి పెట్టుకుంటారు చూడండి, అలా.

పక్కకి పెట్టుకున్న ముక్కే కాకి ఎత్తుకుపోతుంది. ఆ సంగతి పిల్లలకి తెలియదు.

*

యూనివర్సిటీలో చల్లగది పాడైంది. బాగుచేస్తామన్నవాళ్ళు అన్నారు, చేసినవాళ్ళు లేరు. మట్టి ఎండితే బీటలు వేస్తుంది. బీటల్లోకి బయటి పుప్పొడి దూరుతుంది. ఈ నేల మీద గాలిలో ఏముంటుంది? పత్తి, మిరప. మంచుయుగం దీవిలో మిరప పూసిందంటే లోకం నవ్వదా?

రెబ్కా అన్నం ముందు కూర్చుని దిగులు పడుతుంటే నాన్న నవ్వాడు. తన దగ్గర చలికి కరువేమిటన్నాడు. మర్నాడే ఆ మట్టి గొట్టం ఉన్న పెట్టె ఆటోలో వేయించుకుని పోయాడు.

అప్పటికి మాఘమాసం. కొత్త పంట ఇంకా గదిలోకి రాలేదు.

మొదటి టిక్కీకి అక్కడ ఒక మర్యాద ఉంది. టిక్కీ అంటే మిరపకాయలు కూరి కుట్టిన గోతం. సీజనులో మొట్టమొదటి టిక్కీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గదిలో అన్నిటికంటే వెనక, చలిగొట్టాల పక్క మూలన పెడతారు. ఏడాది సరుకంతా దాని ముందు నిలబడుతుంది. ముందు లోపలికి వెళ్ళింది చివర బయటికి వస్తుంది. ఆ చోటు అందరికీ ఇవ్వరు.

ఆ ఏడు అంకమ్మరావు ఆ చోటు కూతురి మట్టికి ఇచ్చాడు.

పెట్టెకి పసుపు రాయించాడు. కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేశాడు. పైన బరువు పడకుండా అడ్డచెక్కలు వేసి, చుట్టూ గూడులా ఖాళీ వదిలించాడు. కుర్ర హమాలీలు మట్టికి కొబ్బరికాయేంటని నవ్వితే కసిరాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న రెబ్కాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం వల్ల అనుకుంది.

అడుగున పడింది ఆఖరున బయటపడుతుందని మట్టి దగ్గర నేర్చుకున్న పిల్ల. ఆ ఒక్క పూట ఆ చదువు మరిచింది. నాన్న తనకి పీట వేస్తుంటే ఎవరికి గుర్తుంటుంది?

తరవాత మిరపకాయ వచ్చింది.

దర్శి నుంచి వచ్చింది. దాచేపల్లి నుంచి వచ్చింది. ఊరూరి నుంచి లారీలు. టిక్కీ మీద టిక్కీ పేర్చి, గోడలా నెట్టు కట్టారు. నెట్టు ముందు నెట్టు. కప్పు కింద, గాలి ఆడేందుకు, మనిషి బోర్లా పడుకునేంత సందు వదిలారు. మిగిలిందంతా ఎరుపు.

దాని వెనక, మూలన, గూట్లో, అడవి.

*

రోహిణి కార్తెలో కబురొచ్చింది. దూరపు ఊళ్ళో పెద్ద ల్యాబు. ఎప్పటినుంచో అడుగుతుంటే ఆ బెత్తెడు మట్టి చూడటానికి రెబ్కాకి వంతు ఇచ్చారు. మంగళవారం. అది తప్పితే మళ్ళీ ఎప్పటికో. ఈలోపు ఆమె పీహెచ్‌డీ గడువే తీరిపోతుంది.

మేనేజరు లక్ష్మీకాంత్ చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఆ తరవాత కాదన్నాడు. నెట్లలో ఉన్నది రైతుల సరుకు, వాళ్ళు లేకుండా విప్పకూడదు. యార్డుకి వేసవి సెలవులు. సగంమంది హమాలీలు ఊళ్ళకి పోయారు. యార్డు తెరిచాక చూద్దామన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అదే ఆమెకి ఏడుపు తెప్పించింది.

ఇంటికొచ్చి చెప్పింది.

నాన్న తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

ఆయనకి రెండేళ్ళుగా దగ్గు. చలి, కారం, రెండూ కలిసి గుండెల్లో కాపురం పెట్టాయి. డాక్టరు గదిలోకి అడుగు పెట్టొద్దన్నాడు. అప్పటినుంచీ తలుపు బయట నిలబడి కేకలు వేసే మేస్త్రీ ఆయన.

"పైన సందుంది కదమ్మా" అన్నాడు మెల్లగా.

రెబ్కా లేచి నిలబడింది.

"నువ్వు ఆ గదిలో కాలు పెట్టావంటే నేను ఈ చదువే మానేస్తా నాన్నా."

ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలోనే దగ్గయింది. దగ్గు తగ్గాక సరేలెమ్మన్నాడు.

అంకమ్మరావు సరే అన్నాడంటే ఒప్పుకున్నాడని కాదు. ఇక ఆ మాట ఎత్తడని, అంతే. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన సుబ్బరావమ్మకి ఆ సంగతి తెలుసు. కూతురికి ఇంకా తెలియదు.

*

ఆదివారం పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకున్నాడు. చర్చికి ముందుగా వెళ్తున్నానన్నాడు.

తల్లీ కూతుళ్ళు వెళ్ళేసరికి మగవాళ్ళ వైపు, కిటికీ పక్కన, ఆయన చోటు ఖాళీగా ఉంది. మొదటి పాట అయింది. పాస్టరు గారు వాక్యం తీశారు. ఖాళీ ఖాళీగానే ఉంది. రెబ్కా ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి కనబడకపోతే అది లేదని కాదు, ఎక్కడో ఉందని... అది ఆమె వృత్తి కదా.

చటుక్కున లేచి బయటికి పరుగెత్తింది.

కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్ బుల్లయ్య నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే చేతులు నలుపుకున్నాడు.

"మేస్త్రీ అడిగితే తాళం తియ్యకుండా ఎట్టాగమ్మాయ్? ఇందాకటిదాకా తలుపు తీసినప్పుడల్లా దగ్గు వినపడతానే ఉంది."

"ఇప్పుడు?"

బుల్లయ్య తల వంచుకున్నాడు.

ఆమె అరవలేదు. అరవడానికి ఊపిరి చాల్లేదు. చర్చికి పొమ్మంది. పాట ఆపి మగవాళ్ళందరినీ తీసుకురమ్మంది. చున్నీ మూతికి బిగించి, తలుపు లాగింది.

ఒక్క అడుగు. ఎండ పోయింది. మంచుయుగం.

*

నెట్టు ఎక్కింది. టిక్కీ అంచు పట్టుకుని, మరో అంచు పట్టుకుని, కప్పు కిందికి. బోర్లా పడుకుంది. పాకింది.

వీపుకి కప్పు. పొట్టకి మిరపకాయ. ముందు చీకటి.

ఫోను లైటు వేసి పిడికిట్లో పట్టుకుంది. సిగ్నలు తలుపు దగ్గరే చచ్చింది. మోచెయ్యి వేసిన ప్రతిసారీ గోతం నిట్టూర్చింది. ప్రతి నిట్టూర్పుకీ ఎర్రటి పొడి లేచింది. చున్నీ లోపలికీ వచ్చింది. కళ్ళు మూసుకున్నా మండాయి. తెరిచినా మండాయి.

తుమ్మితే తల కప్పుకి కొట్టుకుంది.

ఏడ్చింది. కారానికి ఏడ్చిందో, కోపానికి ఏడ్చిందో. ఆయన మీద కోపం. మట్టి మీద కోపం. ఆ బెత్తెడు దాచుకున్న తన మీద కోపం. వెనక్కి తిరగడానికి చోటు లేదు. ముందుకే.

పైకి పోలేదు. కిందికి పోలేదు. పక్కలకి పోలేదు.

దీవి ఇలాగే ఉండి ఉంటుంది, అనుకుంది.

అప్పుడు వినబడింది. దగ్గు కాదు. దగ్గుకి ముందు వచ్చే చిన్న ఈల. గొంతులో.

ఆ ఈల ఇంత తీపిగా ఉంటుందని ఆమెకి ఎప్పుడూ తెలియదు.

*

గూట్లో ఉన్నాడు.

పెట్టె చుట్టూ వదిలించిన ఖాళీలో, మోకాళ్ళు గుండెలకి ఆనించుకుని, తెల్ల చొక్కా ఎర్రబడి, కూర్చుని ఉన్నాడు. అక్కడ గాలి కాస్త నిలకడగా ఉంది. పొడి పైనుంచి పోతోంది గానీ లోపలికి తక్కువగా దిగుతోంది. ఆ కాస్త చోటే ఆయన్ని ఇంతసేపూ బతికించింది. తనకోసం కాదు, మట్టికోసం కట్టించిన చోటు.

రెబ్కా జారి పక్కన పడింది. ఇద్దరికీ చోటు చాల్లేదు. ఇద్దరూ పట్టారు.

ఒళ్ళో గొట్టం ఉంది. పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గొట్టం మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. హమాలీలు లోపలికి వెళ్ళేముందు ముక్కుకి కట్టుకునే గుడ్డ. ఆయనదే.

"మూత ఊడిందమ్మా" అన్నాడు. మాటకీ మాటకీ నడుమ ఈల. "చీకట్లో... నా చెయ్యే తగిలింది. కారం పడకూడదన్నావుగా. కట్టేశా."

"నీ ముక్కుకేం కట్టుకున్నావు నాన్నా?"

ఆయన నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. వంగిపోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

రెబ్కా చున్నీ విప్పింది. అది చున్నీ కాదు, కారం మూట. తన కుర్తా కారం. ఆయన చొక్కా కారం. భుజం మీది తువ్వాలు కారం. ఆ గూట్లో శుభ్రమైన గుడ్డ ఒక్కటే ఉంది. అది గొట్టం మూతికి ఉంది. మట్టి చెమ్మకి ఇంకా తడిగా ఉంది.

లైటు దగ్గరికి పెట్టి చూసింది. గుడ్డ అంచు కింద మట్టి కనబడింది. మూత ఊడినప్పుడు అదిరి బీటలు వేసింది. సన్నటి, లోతైన బీటలు. కోత పడిన చోటు. ఆ బెత్తెడు.

ముడి మీద చెయ్యి వేసింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. చలికి కొయ్యబారిన వేళ్ళతో గట్టిగా.

"వద్దు తల్లీ. నాకు అలవాటే. ఈ మట్టి మళ్ళీ రాదన్నావు."

"నువ్వు మాత్రం మళ్ళీ వస్తావా నాన్నా?"

ఆ వేళ్ళు వదల్లేదు. ఆమే ఒక్కొక్కటీ విడదీసింది. చిన్నప్పుడు తన వేళ్ళు బడి గేటు దగ్గర ఆయన ఇలాగే విడదీసేవాడు. ఒకటి. ఇంకొకటి. ఏడవకుండా.

ముడి విప్పింది.

గుడ్డని ఆయన ముక్కుకీ నోటికీ కట్టింది. తల వెనక ముడి వేసింది. దీవి మట్టి చెమ్మ ఆయన పెదాలకి తగిలి ఉంటుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పీల్చాడు. ఈల తగ్గిందా? తగ్గినట్టే ఉంది. అంత త్వరగా ఎలా చెప్పడం?

గొట్టాన్ని అరచేత్తో మూయబోయింది.

అరచెయ్యి నిండా కారం.

ఆగిపోయింది.

చెయ్యి గాలిలోనే ఉంది. లైటులో ఎర్రటి పొడి మెల్లగా దిగుతోంది. ఎటూ తొందర లేదు దానికి. బీట మీద ఒక రేణువు వాలింది. ఇంకొకటి. అక్కడ వేల ఏళ్ళుగా ఒక చెట్టు తాలూకు రేణువు ఉందో... లేదో. ఉన్నా ఇక ఆ మట్టి మాట ఎవరు నమ్ముతారు? చూడకముందే పోయింది. లేక పోలేదేమో. బీట అడుగున, పొడి దిగని లోతులో, ఎక్కడో...

అప్పుడు దూరంగా, నెట్ల అవతల, మనుషుల గొంతులు. చర్చి మగవాళ్ళు. ఒకే ఊపులో లాగడానికి అందరూ కలిసి వేసే కేక. మొదటి టిక్కీ కింద పడిన చప్పుడు.

మట్టి కోసం విప్పని నెట్టు, మనిషి కోసం విప్పుతున్నారు.

రెండో టిక్కీ పడింది. నెట్టంతా అదిరింది. కప్పు కిందనుంచి పొడి జల్లుగా రాలింది. వాళ్ళు ఎంత తొందరపడితే అంత కారం. వాళ్ళు ఆగితే ఆయన ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో తెలియదు. ఆగమని అరవాలో, రమ్మని అరవాలో రెబ్కాకి తోచలేదు.

ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. గొట్టం ఇద్దరి నడుమా ఉంది, మూతి తెరుచుకుని.

ఎన్ని నెట్లు. ఇంకా ఎన్ని నెట్లు.

ఆ నాలుగు చెట్లకి తెలుసా, చలి ఒకరోజు పోతుందని? తెలియదు. తెలియకుండానే ఉన్నాయి. లేదా... లేకుండా పోయాయి.

చలిలో మిరపకాయ వాసన వేరు. మనిషి కదిలితేనే అదీ కదులుతుంది.

రెబ్కా కదలలేదు. చేతులు కదలనివ్వలేదు. ఏడుపునీ కదలనివ్వలేదు.

ఆయన మూతి మీద ఆ తడిగుడ్డ ఒక్కటే లోపలికి పోతోంది... బయటికి వస్తోంది... లోపలికి పోతోంది.